తలస్నానం నాడు రాలే జుట్టు: లెక్క చూసుకొని, కారణం కనుక్కొని, తగ్గించుకునే విధానం

మా నాయనమ్మ దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఎన్నడూ పారేసేది కాదు. వేలికి చుట్టి చిన్న ఉండగా చేసి, వంటింటి గూట్లో ఉన్న బిస్కెట్ల డబ్బాలో దాచేది. కొన్ని నెలలకొకసారి వెంట్రుకలు కొనేవాళ్లు మా వీధికి వచ్చినప్పుడు ఆ డబ్బాను వాళ్ల ముందు కుమ్మరించి, బదులుగా ఒక స్టీలు గిన్నెనో, రెండు టీ గ్లాసులనో తీసుకునేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పెరిగిన వారికి ఈ బేరం కొత్తేమీ కాదు. అయితే ఆమె తరచుగా అనే ఒక మాట నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు: "నీ తమ్ముడు పుట్టిన మూడో నెలల మీ అమ్మ ఎంటికలతోనే డబ్బ నిండింది బిడ్డా."

జుట్టు ఈ రోజు ఎక్కువగా రాలిందంటే దాని కారణం సాధారణంగా రెండు మూడు నెలల వెనక ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతుంది. మా నాయనమ్మ డబ్బా లెక్క చెప్పింది కూడా అదే. తలస్నానం చేసిన రోజు జాలీకి చుట్టుకున్న వెంట్రుకలను చూసి భయపడి, వెంటనే షాంపూ మార్చేవారు, తలకు పోసుకోవడమే తగ్గించేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వారి కోసమే ఈ మార్గదర్శి. ముందుగా ఎంత రాలుతోందో లెక్క చూసుకోవాలి, తర్వాత మూడు నెలలు వెనక్కి వెళ్లి కారణాన్ని వెతకాలి, ఆ పైన నీళ్లను, చేతి అలవాట్లను, తిండిని ఒక్కొక్కటిగా సరిదిద్దుకోవాలి.

అసలు ఎంత రాలడం మామూలు

మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక తన కుదురులో రెండు నుంచి ఆరేళ్ల వరకు పెరుగుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది, అక్కడి నుంచి సుమారు మూడు నెలలు కదలక మెదలక విశ్రాంతి దశలో ఉండి రాలిపోతుంది. అది రాలిన కుదురులోనే మళ్లీ కొత్తది మొలుస్తుంది. ఏ రోజు చూసినా నూటికి పది వరకు వెంట్రుకలు ఈ విశ్రాంతి దశలో ఉంటాయి. లక్షలో పదో వంతు అంటే పది వేలు, అవి దాదాపు వంద రోజుల్లో రాలాలంటే రోజుకు వంద. రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం సహజమని వైద్యులు చెప్పే అంకె ఈ లెక్కతో సరిపోతుంది.

ఇప్పుడు తలస్నానం సంగతికి వద్దాం. వారానికి ఒకసారి తలకు పోసుకొని, మిగిలిన రోజుల్లో నూనె రాసి గట్టిగా జడ వేసుకునే అమ్మాయికి ఆ వారంలో కుదురు వదిలేసిన వెంట్రుకలు అన్నీ నేల మీద పడవు. కొన్ని దువ్వెనకు వస్తాయి, కొన్ని దిండు మీద, రవిక మీద కనిపిస్తాయి, చాలా భాగం మాత్రం జడలోనే మిగతా వాటితో పెనవేసుకొని ఉండిపోతాయి. ఆదివారం నాడు నీళ్లు, షాంపూ, వేళ్లు తగిలేసరికి అవన్నీ ఒక్కసారి బయటికి వస్తాయి. ఆ రోజు 200 పైచిలుకు కనిపించినా అది ఒక్క రోజు నష్టం కాదు, వారం బాకీ. రోజు విడిచి రోజు తలస్నానం చేసేవారికి అంత పెద్ద ఉండ ఎన్నడూ కనిపించదు, అయినా నెల తిరిగేసరికి ఇద్దరికీ రాలిన మొత్తం ఇంచుమించు ఒక్కటే. తలస్నానం తగ్గిస్తే జుట్టు మిగులుతుందనుకోవడం ఈ కారణం చేతనే పొరపాటు.

కంటికి కనిపించే పరిమాణం కూడా మోసం చేస్తుంది. రెండడుగుల జడ ఉన్న స్త్రీకి రాలిన వంద వెంట్రుకలను పొడవునా పేరిస్తే 60 మీటర్లు వస్తుంది, క్రాఫు చేయించుకున్న మగవాడివి అదే వంద వెంట్రుకలు ఐదు మీటర్లు కూడా దాటకపోవచ్చు. ఆమె గుప్పిట్లో పెద్ద ఉండ ఉంటుంది, అతని అరచేతిలో చిటికెడు కూడా కనిపించదు. అందువల్ల ఉండ సైజును చూసి కాకుండా వెంట్రుకలను లెక్కపెట్టి నిర్ణయించుకోవాలి.

మొదటి పని: లెక్క

చర్మవ్యాధుల వైద్యులు చేసే ఒక పరీక్షను ఇంట్లోనూ కొంతవరకు చేసుకోవచ్చు. ఐదు రోజులు తలకు పోసుకోకుండా ఉండండి. ఐదో రోజున స్నానాల గదిలో నీళ్లు పోయే జాలీ మీద పాత తెల్లని నూలు గుడ్డ ఒకటి పరచండి, వీలుంటే వెడల్పాటి టబ్బులోకి తల వంచి కడగండి. ఎప్పటిలాగే స్నానం ముగించి, గుడ్డ మీద, టబ్బులో, వేళ్లకు, తువ్వాలకు మిగిలిన వెంట్రుకలన్నీ కలిపి ఒక తెల్ల కాగితం మీద ఆరబెట్టండి. ఎండిన తర్వాత పదేసి చొప్పున వేరు చేసి లెక్కపెడితే పావుగంటలో పని అయిపోతుంది.

ఒక్కసారి వచ్చిన అంకె వల్ల పెద్దగా ఉపయోగం లేదు. అదే ఐదు రోజుల వ్యవధితో మూడు నాలుగు సార్లు లెక్కపెట్టి, పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లో ఆ తేదీ కిందనే ఈ అంకె కూడా రాసుకోండి. అది నిలకడగా ఉంటే అది మీ సహజమైన తీరు అనుకోవచ్చు. మీ మామూలు అంకెకు రెండింతలు, మూడింతలు అవుతూ వారాల తరబడి అలాగే కొనసాగితే కారణం వెతకాల్సిందే. ఈ లెక్క రాసుకోవడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. తర్వాత ఏ మార్పు చేసినా అది పని చేసిందో లేదో చెప్పేది ఈ అంకె మాత్రమే, మనసుకు తోచింది కాదు.

లెక్కపెట్టేటప్పుడే వెంట్రుకలను రెండు విధాలుగా పరిశీలించండి. ఒకటి, వెంట్రుక కొనను వెలుతురుకు పట్టి చూడండి. ఒక చివర ఆవగింజ కన్నా చిన్నగా, తెల్లగా, ఉబ్బినట్టు ఉంటే అది విశ్రాంతి దశ ముగించుకొని సహజంగా రాలిన వెంట్రుక. "వేరుతో సహా ఊడి వచ్చింది, ఇక అక్కడ మొలవదు" అని చాలామంది దీన్ని చూసే బెంగపడతారు. నిజానికి ఆ తెల్లని గుబ్బ వెంట్రుక చివరి భాగమే, కుదురు మాత్రం మాడులోనే భద్రంగా ఉంటుంది. రెండు చివర్లా గుబ్బ లేకుండా, ఒక్కో చోట చీలి, పొట్టిగా ఉంటే అది రాలింది కాదు, మధ్యలో తెగింది. తెగినవే ఎక్కువగా ఉంటే తప్పు దువ్వెనలో, తువ్వాలలో, జడ బిగువులో, రంగులు, స్ట్రెయిటెనింగ్ వంటి వాటిలో ఉంది, దానికి రక్తపరీక్షలు అక్కరలేదు.

రెండోది పొడవు, మందం. జుట్టు కత్తిరించుకోని స్త్రీకి రాలిన వాటిలో మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, నూలు పోగులా సన్నగా ఉన్నవి పదింటికి ఒకటి కన్నా ఎక్కువగా కనిపిస్తే, కుదుళ్లే చిన్నబడుతున్నాయన్న అనుమానం వస్తుంది. పాపిట వెడల్పవుతూ రావడం దీనికి తోడైన గుర్తు. వంశపారంపర్యంగా వచ్చే పలుచబారడం ఇలా మొదలవుతుంది, దీనికి చికిత్స ఎంత ముందుగా మొదలైతే అంత మంచిది.

రెండో పని: మూడు నెలలు వెనక్కి వెళ్లడం

శరీరానికి పెద్ద కష్టం వచ్చినప్పుడు పెరుగుతున్న కుదుళ్లలో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశకు వెళ్లిపోతాయి. అప్పుడు ఏమీ తెలియదు. రెండు మూడు నెలల తర్వాత ఆ వెంట్రుకలన్నీ ఇంచుమించు ఒకే కాలంలో రాలడం మొదలవుతుంది. తీవ్రమైన జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, ఇంట్లో మరణం వంటి పెద్ద దుఃఖం, కొన్ని రకాల మందులు మొదలుపెట్టడం లేదా ఆపడం, ఇవన్నీ అందుకు కారణాలే.

మన ప్రాంతంలో దీన్ని కాలాన్ని బట్టి కూడా గుర్తుపట్టవచ్చు. వానలు పడి నీళ్లు నిలిచే శ్రావణ భాద్రపదాల్లో డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా వంటి జ్వరాలు ఇంటింటికీ వస్తాయి. నాకు ఒక భాద్రపదంలో డెంగీ వచ్చి, వారం రోజుల పాటు మంచం దిగలేకపోయాను. సద్దుల బతుకమ్మ నాటికి కోలుకున్నాను, ఆ రోజు జడ ఎప్పటిలాగే నిండుగా ఉంది. మార్గశిరం వచ్చి చలి పెరిగిన తర్వాత తలకు పోసుకున్న ప్రతిసారీ గుప్పెళ్లుగా రాలడం మొదలైంది. వేడినీళ్లు ఎక్కువయ్యాయని కొందరు, బోరు నీళ్లని కొందరు అన్నారు, నేను ఆ రెండు నెలల్లో రెండు షాంపూలు, మూడు నూనెలు మార్చాను. జ్వరం సంగతి నాకు గుర్తే రాలేదు. ఫాల్గుణంలో రాలడం తనంతట తానే తగ్గింది, వేసవికి నుదుటి అంచున కొత్త వెంట్రుకలు కనిపించాయి. ఆ నెలల్లో పడిన బెంగ నాకు ఇప్పటికీ గుర్తుంది కాబట్టే ఈ విషయాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

కాన్పు సంగతి కూడా ఇటువంటిదే. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావం వల్ల రాలాల్సిన వెంట్రుకలు కూడా నిలిచి జుట్టు ఒత్తుగా కనిపిస్తుంది, ప్రసవం తర్వాత రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఆ నిలిచినవన్నీ రాలుతాయి. చాలామందికి బిడ్డకు ఏడాది వచ్చేలోపు జుట్టు మామూలు స్థితికి వస్తుంది. బాలింతకు పాలిచ్చేటప్పుడు మంచి తిండి చాలా అవసరం, పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, ఆకుకూరలు మాన్పించడం తల్లికీ జుట్టుకూ రెండింటికీ చెరుపే చేస్తుంది.

మీ క్యాలెండర్‌లో రాలడం మొదలైన నెలను గుర్తించి, అక్కడి నుంచి మూడు నెలలు వెనక్కి లెక్కించి, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో ఒక కాగితం మీద రాయండి. కారణం అక్కడ దొరికితే, అది ముగిసిపోయిన కారణమైతే, ఆరు నెలల లోపు రాలడం తగ్గుతుందని నమ్మకంతో ఉండవచ్చు. ఈ మధ్యలో కొత్త నూనెలకు, ఖరీదైన సీసాలకు డబ్బు పోయవద్దు, ఎందుకంటే తనంతట తగ్గిన ఘనత అప్పుడు చేతిలో ఉన్న సీసాకు దక్కుతుంది, వీధిలో పదిమంది దాన్నే కొంటారు.

నీళ్ల సంగతి

నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ చేసిన నష్టం దేశమంతటికీ తెలుసు. ఆ భయం వల్ల మన దగ్గర జుట్టు రాలడాన్ని కూడా ఫ్లోరైడ్‌కే అంటగట్టే అలవాటు ఏర్పడింది. నీళ్లలోని ఫ్లోరైడ్ తాగడం ద్వారా ఒంట్లోకి చేరి పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నల్లగొండ పేరే పెట్టింది, అది కూడా తాగే నీళ్ల కోసమే. తలకు పోసుకునే నీళ్లలో మనం చూసుకోవాల్సింది వేరే గుణం, అది నీళ్ల కఠినత్వం.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే పప్పు తొందరగా ఉడకదు, హీటరు రాడ్డుకు తెల్లటి పెచ్చు కడుతుంది, సబ్బు నురగ రాదు. ఇలాంటి నీళ్లలో సబ్బుతో తల రుద్దుకుంటే లవణాలు, సబ్బు కలిసి జిడ్డు తెట్టులా వెంట్రుకలకు పట్టుకుంటాయి. జుట్టు బిరుసెక్కి, చిక్కుపడి, దువ్వేటప్పుడు తెగుతుంది. కఠిన జలం వల్ల వెంట్రుక పోగు బలహీనపడుతుందా అన్న విషయంలో పరిశోధనల ఫలితాలు ఒక్కతీరుగా లేవు. కుదురును అది దెబ్బతీస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. అంటే బోరు నీళ్ల వల్ల తెగేవి పెరగవచ్చు గానీ, తెల్లని గుబ్బతో రాలేవి పెరగవు. లెక్కపెట్టేటప్పుడు కొనలు చూడమన్నది ఇందుకోసం కూడా.

చేయగలిగింది తేలికే. ఒంటి సబ్బును తలకు వాడకండి, బట్టల సబ్బు సంగతి చెప్పనే అక్కరలేదు. షాంపూ, కుంకుడు రసం కఠిన జలంలో కూడా తెట్టు కట్టవు. స్నానం మొత్తం బోరు నీళ్లతో చేసినా, చివరగా తల మీద పోసుకునే రెండు చెంబులు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లో, వాన నీళ్లో అయ్యేలా చూసుకోండి. అవి దొరకని చోట ముందురోజు రాత్రి నీళ్లను బాగా మరగకాచి కదపకుండా ఉంచితే, కఠినత్వంలో కొంత భాగం తెల్లగా అడుగున పేరుకుంటుంది, పై నీళ్లను వంచుకొని వాడుకోవచ్చు. తల కడగడానికి ఆర్వో క్యాన్లు కొనాల్సిన పని లేదు.

మూడో పని: తలస్నానం చేసే పద్ధతి

రాలాల్సిన వెంట్రుకను ఏ స్నానమూ ఆపలేదు. తెగిపోయేవాటిని మాత్రం సరైన పద్ధతితో చాలావరకు కాపాడుకోవచ్చు, తెగేవి తగ్గితేనే జడ కింది భాగం పలుచబడకుండా ఉంటుంది. ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు సూత్రం ఒకటి ఉంది: తడిసిన వెంట్రుక ఉబ్బి, సాగే గుణం పెరిగి, ఎండు వెంట్రుక కన్నా బలహీనంగా ఉంటుంది. అందువల్ల బలం ఉపయోగించే పనులన్నీ జుట్టు తడవక ముందే పూర్తి చేసుకోవాలి.

చిక్కు తీయడం ఆ పనుల్లో మొదటిది. జడ విప్పి, వెడల్పాటి పళ్ల దువ్వెన తీసుకొని, ముందు కింది కొనల దగ్గర జానెడు భాగం చిక్కు తీయండి, తర్వాత దాని పైన ఇంకో జానెడు, అలా పైకి వెళ్లండి. మాడు దగ్గర మొదలుపెట్టి ఒక్కసారి కిందికి లాగితే దారిలోని చిక్కులన్నీ ఒకచోట చేరి ముడిపడతాయి, ఆ ముడిని తెంపకుండా విప్పడం ఎవరి వల్లా కాదు. చిక్కు మొండిగా ఉంటే ఆ పాయను పైభాగంలో గుప్పిట పట్టుకొని దువ్వండి, లాగుడు మాడు దాకా పోదు. ఇంట్లో చిన్నపిల్లలకు అమ్మలు దువ్వేటప్పుడు వాళ్లు ఏడ్చేది ఈ ఒక్క జాగ్రత్త లేకనే.

నూనె గురించి మన ఇళ్లలో రెండు అతివాదాలు ఉన్నాయి, నూనె పెడితేనే జుట్టు నిలుస్తుందని పెద్దలు, నూనె వల్లే రాలుతుందని పిల్లలు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ కరిగిపోకుండా కాపాడుతుందని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి తలస్నానానికి గంట రెండు గంటల ముందు పొడవునా, ముఖ్యంగా కొనలకు, రాసుకోవడం మేలైన అలవాటు. కానీ అది కొత్త వెంట్రుకలను మొలిపించదు, కుదురు వదిలినదాన్ని ఆపదు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పట్టించి రోజుల తరబడి ఉంచుకోవడం మంచిది కాదు, చుండ్రుకు కారణమయ్యే శిలీంధ్రం నూనెను ఆసరా చేసుకొని పెరుగుతుంది, దురద పెరిగి గోళ్లతో గీరుకోవడం వల్ల ఇంకా తెగుతుంది. మర్దన చేసేటప్పుడు అరచేతులతో గట్టిగా రుద్దకుండా, వేళ్ల కొసలను ఒకచోట ఆనించి మాడు చర్మాన్నే మెల్లగా కదపండి.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ముంజేతి మీద పోసుకొని చూస్తే హాయిగా అనిపించేంత వేడి చాలు. కాగు నీళ్లు పొగలు కక్కుతూ ఉండగా తల మీద కుమ్మరిస్తే మాడు పొడిబారి పొట్టు రేగుతుంది.

కుంకుడుకాయలు వాడేవారు ఒక విషయంలో శ్రద్ధ పెట్టాలి. నడుము దాటిన జడకు ఎనిమిది పది కాయలు చాలు. వాటిని చితక్కొట్టి గింజలు తీసేసి, తొక్కలను రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఉదయం పిసికి, పలుచటి గుడ్డలో తప్పకుండా వడగట్టండి. మా ఇంట్లో చిన్నప్పుడు వడగట్టకుండానే తల మీద రుద్దేవారు, ఆ తొక్క ముక్కలు వెంట్రుకల మధ్య ఇరుక్కొని, వాటిని ఏరుతూ లాగినప్పుడల్లా నాలుగైదు పోగులు తెగి చేతికి వచ్చేవి. పిసికేటప్పుడు నాలుగు మందార ఆకులు కలిపితే రసానికి జిగురు వచ్చి, వేళ్లు తేలికగా జారతాయి. కుంకుడు రసం జిడ్డును బలంగా తీసేస్తుంది కనుక పొడి జుట్టు వారు ముందుగా నూనె రాసుకోకుండా వాడవద్దు, కళ్లలో పడితే విపరీతంగా మండుతుంది కాబట్టి పిల్లలకు తల వెనక్కి వంచి పోయాలి.

షాంపూ అయితే నేరుగా తల మీద పోసుకోకుండా, మగ్గులో కొంచెం నీళ్లు తీసుకొని అందులో కలిపి పోసుకోండి. రుద్దాల్సింది మాడును మాత్రమే. జుట్టంతా నెత్తి మీదికి చేర్చి బట్టలు ఉతికినట్టు రెండు చేతులతో నలపడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, చిక్కు పుట్టేదే అక్కడ. జుట్టును కిందికి వేలాడనిచ్చి, వేళ్ల కొసలతో మాడంతా రుద్దితే, కిందికి జారే నురగే మిగతా పొడవును శుభ్రం చేస్తుంది. కండిషనర్ వాడేవారు దాన్ని మాడుకు తగలనివ్వకుండా మెడ కిందిభాగం నుంచి కొనల దాకా పట్టించి, రెండు నిమిషాలు ఆగి, ఆ జారుడు ఉన్నప్పుడే వేళ్లతో ఒకసారి సవరించి కడిగేయండి. కఠిన జలం ఉన్న ఇళ్లలో నేను ఒకే ఒక్క వస్తువు కొనమని చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను, ఖరీదైనది కానక్కరలేదు.

స్నానం అయ్యాక జుట్టును ముందుకు వేసుకొని తువ్వాలతో టపటపా కొట్టి నీళ్లు విదిలించడం మన ఆడవారికి అమ్మమ్మల నుంచి వచ్చిన పద్ధతి. ఆ దెబ్బకు తడి వెంట్రుకలు ఎన్ని తెగుతాయో చూడాలంటే నేల మీద తెల్ల గుడ్డ పరిచి ఒకసారి కొట్టి చూడండి. దానికి బదులు పాత మెత్తటి నూలు పంచెను తలకు చుట్టి పది నిమిషాలు ఉంచితే నీరంతా అది పీల్చుకుంటుంది. తడి మీద దువ్వకండి, తడి మీద జడ వేయకండి, తడి మీద కొప్పు కట్టి బస్సెక్కి పోకండి. ముప్పావు వంతు ఆరిన తర్వాత అదే వెడల్పాటి దువ్వెనతో, కొనల నుంచి మొదలుపెట్టండి. ఉంగరాల జుట్టు వారికి మాత్రం ఇందులో మినహాయింపు ఉంది, పూర్తిగా ఎండితే వారి జుట్టు ఇంకా చిక్కుపడుతుంది కాబట్టి, కండిషనర్ ఉండగా తడి మీదే వేళ్లతోనో వెడల్పాటి దువ్వెనతోనో సవరించుకోవడం మంచిది.

ఎన్ని రోజులకొకసారి చేయాలన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. జిడ్డు చర్మం ఉన్నవారు, పత్తి చేలల్లో, క్వారీల్లో, బైకు మీద దుమ్ములో తిరిగేవారు వారానికి రెండు మూడు సార్లు చేసినా తప్పు లేదు. చుండ్రు పొట్టు ఎక్కువగా ఉంటే మందుల దుకాణంలో దొరికే రెండు శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాలు మాడు మీద ఉంచి కడుగుతూ నాలుగు వారాలు వాడితే చాలామందికి అదుపులోకి వస్తుంది.

నాలుగో పని: రక్తం, తిండి

లెక్క పెరిగింది, మూడు నెలల వెనక జ్వరమూ కాన్పూ ఏవీ లేవు, తెగినవి కాక గుబ్బ ఉన్నవే రాలుతున్నాయి అంటే రక్తం చూపించుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందికి వస్తుంది. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ తక్కువగా ఉండవచ్చు, ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. దానితోపాటు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం అవసరం. ప్రభుత్వ ఆస్పత్రుల ద్వారా తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద రక్తపరీక్షలు ఉచితంగా జరుగుతాయి కాబట్టి, ముందు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

తిండి విషయంలో మన పొలాల్లో పండేవే చాలు. జొన్నరొట్టెతో తోటకూర పప్పు, పల్లీలు, నువ్వులు, రోజూ ఒక గుడ్డు, తినేవారికి వారానికొకసారి మేక కార్జం, వీటిలో ప్రోటీను, ఇనుము రెండూ అందుతాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. నల్లగొండ బత్తాయి తోటలకు పేరున్న జిల్లా, భోజనంతో పాటు ఒక బత్తాయి తిన్నా, పప్పులో నిమ్మకాయ పిండుకున్నా ఆ పని జరుగుతుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు మాత్రం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, గంట సేపు ఆగి తాగండి.

జుట్టు మాత్రలని అమ్మే వాటిలో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. బయోటిన్ లోపం చాలా అరుదు, లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పైగా అది థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తప్పుగా చూపించగలదు. వాడుతున్నవారు రక్తం ఇచ్చే ముందు ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

గుండు కొట్టించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకం కూడా మన దగ్గర బలంగా ఉంది. యాదగిరిగుట్టలో తలనీలాలు ఇవ్వడం మొక్కుకు సంబంధించిన విషయం, భక్తితో ఇవ్వవచ్చు. కుదుళ్ల సంఖ్యగానీ వాటి బలంగానీ దానివల్ల మారవు. కొత్తగా వచ్చే వెంట్రుకల కొనలు మొద్దుగా ఉండటం వల్ల చేతికి ఒత్తుగా తగులుతాయి, అంతే.

వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

ఆరు నెలలు దాటినా రాలడం తగ్గకపోతే, పాపిట వెడల్పవుతుంటే, మగవారికి కణతల దగ్గర వెనక్కి జరుగుతుంటే ఆలస్యం చేయకండి. నాణెం ఆకారంలో నున్నగా జుట్టు పోయిన చోటు కనిపిస్తే దాన్ని మనం పేనుకొరుకుడు అంటాం, పేలకూ దానికీ సంబంధం లేదు, శరీర రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దాని మీద ఉల్లిపాయ, వెల్లుల్లి రుద్ది చర్మం కాల్చుకున్న పిల్లలను చూశాను, దయచేసి అలా చేయకండి. మాడు మీద చీము, నొప్పి, మచ్చలు ఉన్నా, పిల్లల తలలో పొట్టుతో పాటు జుట్టు విరిగిపోతున్నా, నెలసరి క్రమం తప్పి ముఖం మీద వెంట్రుకలు వస్తున్నా అది ఇంటి వైద్యం పని కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల వైద్యులు చూస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు మీ క్యాలెండర్ లెక్కను, రాలిన వెంట్రుకలను ఒక కవరులో తీసుకెళ్లండి.

వంశపారంపర్యపు పలుచదనానికి వైద్యులు మినాక్సిడిల్ అనే మందు రాస్తే, మొదటి కొన్ని వారాల్లో రాలడం పెరగవచ్చని ముందే తెలిసి ఉండాలి. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం కనిపించడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది, మానేస్తే వచ్చినది నిలవదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని వాడకూడదు.

కోలుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి జడ మందం వైపు చూడకండి. పొద్దున వెలుతురులో అద్దం ముందు నిలబడి, నుదుటి అంచునా పాపిట వెంబడీ చూడండి. వేలెడు పొడవు కూడా లేని, కొనదేలిన కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకొని కనిపిస్తే కుదుళ్లు పని మొదలుపెట్టాయని అర్థం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి అవి చెవి దాకా రావడానికే ఏడాది పైన పడుతుంది, నడుము దాకా ఉన్న జడలో కలవాలంటే కొన్నేళ్లు పడుతుంది. అప్పటిదాకా వాటిని నూనెతో అణచి, బిగించి దువ్వి తెంపకండి.